హారన్ మోత లేని దారిలో: అడిజే లోయ వెంట సైకిల్ యాత్ర

ఆల్ప్స్‌లో సైకిల్ అంటే చాలామందికి టీవీలో చూసే రేసులే గుర్తొస్తాయి. ఊపిరాడని ఎత్తులు, మలుపు మీద మలుపు తిరిగే ఘాట్ రోడ్లు, పక్కనుంచి దూసుకుపోయే మోటార్ సైకిళ్ళు. అవే కొండల కింద, లోయల్లో, ఇంకో రకం దారులున్నాయి. కార్లకూ లారీలకూ ప్రవేశం లేని చక్కటి తారు దారులు. వాటి మీద పిల్లలు తొక్కుతారు, డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు తొక్కుతారు, సరుకులకు పక్క ఊరు వెళ్ళేవాళ్ళూ తొక్కుతారు. నాకు వాటిలో బాగా నచ్చింది అడిజే నది వెంట దిగే దారి. ఇటలీ ఉత్తరపు అంచున, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉన్న రెషెన్ కనుమ దగ్గర మొదలై మెరానో, బొల్జానో, ట్రెంటో మీదుగా వెళ్తుంది.

నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అక్క గుంటూరు నుంచి వచ్చినప్పుడు సెప్టెంబరు నెలాఖరులో ఇద్దరం కలిసి వెళ్ళాం. ఇంటర్ చదివేటప్పుడు అక్క రోజూ లేడీబర్డ్ సైకిల్ మీదే కాలేజీకి వెళ్ళేది. పెళ్ళయ్యాక మళ్ళీ సైకిల్ ముట్టలేదు. మ్యూనిక్‌లో ఈసార్ నది ఒడ్డున కొన్ని సాయంత్రాలు తొక్కి చూసింది. బ్యాలెన్స్ ఎక్కడికీ పోలేదు గానీ, వెనక బండి చప్పుడు వినిపిస్తే చాలు, కాలు కింద పెట్టేసేది. "ఎంత దూరమైనా తొక్కుతాను రా, వెనకనుంచి బండి మాత్రం రాకూడదు" అంది. ఈ దారి ఎంచుకోవడానికి అసలు కారణం ఆ మాటే.

మొదటి రోజు: రెషెన్ చెరువు

మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్ మీదుగా లాండెక్ వరకు రైలు. అక్కడి నుంచి బస్సు, నౌడర్స్‌లో మరో బస్సు. మధ్యాహ్నానికి రెషెన్ చేరాం. ఈ కనుమ ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఆల్ప్స్ దాటే పెద్ద కనుమల్లో ఇది తక్కువ ఎత్తుదే. రోమన్లు కూడా ఇటుగానే రోడ్డు వేసుకున్నారు. సైకిళ్ళు ఇక్కడే అద్దెకు తీసుకున్నాం. అక్కకు బ్యాటరీ సైకిల్, నాకు మామూలు గేర్ల సైకిల్. ఈ ప్రాంతంలో ఒక ఊర్లో తీసుకున్న సైకిల్‌ని కిందున్న మరో ఊర్లో ఇచ్చేయొచ్చు. దిగువకు వెళ్ళే యాత్రకు ఇంతకన్నా పెద్ద వెసులుబాటు లేదు.

ఊరి పక్కనే చెరువు. పొడవు దాదాపు ఆరు కిలోమీటర్లు. నీళ్ళ మధ్యలోంచి ఒక రాతి గంట గోపురం నిలబడి ఉంటుంది. ఫొటోల్లో ఎన్నోసార్లు చూశాను, ఎదురుగా చూసినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. 1950కి ముందు ఇక్కడ రెండు చిన్న చెరువులు ఉండేవి. కరెంటు కోసం ఆనకట్ట కట్టి నీటిమట్టాన్ని 22 మీటర్లు పెంచారు. గ్రౌన్ అనే ఊరు మొత్తం మునిగింది. నీళ్ళు వదలడానికి ముందే 163 ఇళ్ళు కూల్చేశారు. 14వ శతాబ్దపు చర్చి గోపురాన్ని మాత్రం కూల్చకుండా ఉంచారు. ఆ ఊరివాళ్ళ భాష జర్మన్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సీమ ఆస్ట్రియా చేతిలోంచి ఇటలీకి వెళ్ళింది. ప్రాజెక్టు గురించి ప్రకటన ఇటాలియన్‌లో అంటించారట. దాని తీవ్రత చాలామందికి అర్థమయ్యేసరికి చేయిదాటిపోయింది.

అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన సంగమేశ్వరం గుడి లాగే కదరా" అంది. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గినప్పుడే బయటపడే ఆ గుడిని మేం చిన్నప్పుడు నాన్నతో వెళ్ళి చూశాం. ఆనకట్ట వెనక మునిగిన ఊళ్ళ సంగతి తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

గోపురం తూర్పు గట్టున, మెయిన్ రోడ్డు పక్కనే ఉంది. అక్కడ టూరిస్టు బస్సులు, సెల్ఫీలు, హడావుడి. పడమటి గట్టున మాత్రం సైకిళ్ళ దారి. అటువైపునుంచి చూడమనే నేను చెబుతాను. నీళ్ళకు అవతల గోపురం, దాని వెనక కొండలు, చుట్టూ గడ్డి మైదానాలు. సాయంత్రం అక్క ఆ గట్టు మీద అటూ ఇటూ తొక్కింది. వెనకనుంచి వచ్చేది మహా అయితే మరో సైకిల్, అదీ గంట కొట్టి, పలకరించి దాటుతుంది.

రెండో రోజు: రెషెన్ నుంచి లాస్ వరకు

అడిజే నది రెషెన్ ఊరి పైన చిన్న ఊటగా పుడుతుంది. దాదాపు 410 కిలోమీటర్లు పారి ఆడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. ఇటలీలో పో నది తర్వాత పొడవైనది ఇదే. ఇక్కడి జర్మన్ మాట్లాడేవాళ్ళకు ఎచ్ నది. బోర్డుల మీద ప్రతి పేరూ రెండు భాషల్లో ఉంటుంది. సైకిల్ దారికి విడిగా బోర్డులున్నాయి, తర్వాతి ఊరు ఎంత దూరమో కిలోమీటర్లతో సహా. మ్యాపు తీయాల్సిన పని దాదాపు పడలేదు.

చెరువు దాటాక రెండో చిన్న చెరువు, దాని పక్కన సెయింట్ వాలెంటిన్ ఊరు. అక్కడి నుంచి లోయ ఒక్కసారిగా కిందికి వాలుతుంది. కొండవాగులు వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన మట్టీ రాళ్ళతో ఏర్పడిన పెద్ద విసనకర్ర ఆకారపు వాలు అది. ఆల్ప్స్‌లో ఇంత పెద్దవి అరుదు. పచ్చిక మధ్యలోంచి సన్నటి తారు దారి దిగుతూ ఉంటుంది. ఎదురుగా ఓర్ట్లర్ మంచు కొండ, కుడివైపు కొండ మీద తెల్లటి మారియన్‌బెర్గ్ మఠం. ఎత్తు 1,500 నుంచి 900 మీటర్లకు పడిపోయేది ఈ పాతిక కిలోమీటర్లలోపే. "బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకక్కా, రెండూ కొద్దికొద్దిగా నొక్కుతూ వదులు" అని చెప్పి ముందు నేను దిగాను. బూర్గైస్ దగ్గర ఆగి వెనక్కి చూస్తే అక్క మొహంలో టెన్షన్ లేదు. గాలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది.

మాల్స్ ఊరిని త్వరగానే దాటాం, కానీ దాని గురించి ఒక మాట చెప్పాలి. 2014లో ఈ ఊరివాళ్ళు తమ పొలాల్లో పురుగుమందులు వద్దని ఓటు వేశారు. ఓటేసిన వాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. తర్వాత అది కోర్టుల దాకా వెళ్ళింది. లోయలో యాపిల్ తోటలు పైకి ఎగబాకుతుంటే గడ్డి భూములవాళ్ళు, పాడి రైతులు భయపడ్డారు. దిగువకు వెళ్ళేకొద్దీ ఆ భయం ఎందుకో కళ్ళారా కనిపిస్తుంది.

గ్లూర్న్స్ మాత్రం ఆగి తీరాల్సిన ఊరు. జనాభా సుమారు 900. పేరుకు పట్టణం, చుట్టూ 16వ శతాబ్దపు కోట గోడ చెక్కు చెదరకుండా ఉంది. 1499లో దగ్గర్లోని కాల్వెన్ యుద్ధంలో ఊరు నాశనమయ్యాక కట్టిన గోడ ఇది. మూడు ద్వారాలు. కోట ద్వారంలోంచి సైకిల్ తొక్కుకుంటూ ఊళ్ళోకి వెళ్తాం. లోపలి వీధిలో కమానుల కింద దుకాణాలు. ఆ కమానులు ఎంత పొట్టివంటే నేను తల వంచి నడవాల్సి వచ్చింది. ఇక్కడ పాలాబిర్నే అనే పెద్ద బేరిపండు పండుతుంది. పాత రకం, చెట్లు ఇంటి పైకప్పులకన్నా ఎత్తు. సెప్టెంబరులోనే కోత. వాటిని ఎండబెట్టి రొట్టెలో కలుపుతారు. అక్కకు అన్నిటికన్నా ఆ రొట్టే నచ్చింది.

ప్రాడ్ దగ్గర కుడివైపుకు స్టెల్వియో కనుమ రోడ్డు చీలుతుంది. 1820ల్లో ఆస్ట్రియా ప్రభుత్వం వేయించిన రోడ్డు, ఇంజనీరు కార్లో డొనెగాని. ఇటువైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, పైన ఎత్తు 2,750 మీటర్లకు పైమాటే. సైకిల్ వాళ్ళకు అది తీర్థయాత్ర లాంటిది. కాకపోతే వేసవిలో మోటార్ సైకిళ్ళు, కార్లు కిక్కిరిసి ఉంటాయి. ఏడాదికి ఒక్క రోజు, సాధారణంగా ఆగస్టు చివర్లో గానీ సెప్టెంబరు మొదట్లో గానీ, ఆ రోడ్డును మోటారు బళ్ళకు మూసేసి సైకిళ్ళకు వదిలేస్తారు. వేలమంది వస్తారు. ఎక్కగలిగినవాళ్ళు ఆ రోజు చూసుకుని వెళ్ళండి. మా దారి అది కాదు, నది పట్టుకుని ముందుకు సాగాం.

రాత్రికి లాస్. ఊళ్ళో నడుస్తుంటే కాలి కింద పేవ్‌మెంట్ తెల్లగా మెరుస్తోంది. వంగి చూస్తే పాలరాయి! ఎదురుగా ఉన్న కొండలోంచి తీసే రాయి ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల సమాధుల మీద పెట్టిన వేలాది శిలువలు ఈ రాతితో చేసినవే. కొండ మీదినుంచి రాళ్ళు దింపడానికి 1929లో వేసిన ఏటవాలు పట్టాలు ఊరి బయటికి వస్తే కనిపిస్తాయి.

మూడో రోజు: యాపిల్ తోటల్లోంచి మెరానో

ఈ రోజంతా యాపిల్ తోటలే. మేం తిరుగుతున్న ఈ సీమ పేరు సౌత్ టైరోల్. ఇక్కడ సుమారు 18,000 హెక్టార్లలో యాపిల్ ఉంది. యూరోపియన్ యూనియన్‌లో పండే యాపిల్స్‌లో దాదాపు పదో వంతు ఇక్కడివే. చెట్లు మనం ఊహించుకునేంత పెద్దవి కావు. తీగల మీద పాకించిన పందిరి వరసల్లా, మనిషికన్నా కొంచెం ఎత్తు. ఒక్కో వరసలో మొదలు నుంచి చివరి దాకా పండ్లే. సైకిల్ దారి నేరుగా ఆ వరసల మధ్యలోంచి వెళ్తుంది, చెయ్యి చాస్తే కాయ అందుతుంది. కోయకూడదు, అది రైతు సొత్తు. తోటల దగ్గర చిన్న బల్ల మీద సంచుల్లో పండ్లు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా పెట్టి ఉంచుతారు. తీసుకుని డబ్బులు వేయడమే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఈ దారి చాలా చోట్ల సైకిల్ కోసమే వేసింది కాదు. తోటలకు వెళ్ళే పొలం దారినే బాగుచేసి, బయటి బళ్ళు రాకుండా ఆపి, సైకిళ్ళకు తెరిచారు. కాబట్టి కోతల కాలంలో ట్రాక్టర్లు ఉంటాయి. పండ్ల పెట్టెలు కట్టుకుని నెమ్మదిగా వస్తాయి. మొదటి ట్రాక్టర్ కనిపించగానే అక్క దిగి పక్కకు నిలబడింది. ట్రాక్టర్ నడిపే ఆయన కూడా ఆగిపోయాడు, మీరే వెళ్ళండి అన్నట్టు చెయ్యి ఊపాడు. రెండు మూడు సార్లు అలా జరిగాక అక్క దిగడం మానేసింది, కుడివైపుకు జరిగి తొక్కుకుంటూ పోయింది.

ష్లాండర్స్ దాటాక ఒక తోట దగ్గర ఆగి కోత చూశాం. కోసేవాళ్ళ మెడలో గుడ్డ సంచి వేలాడుతుంటుంది. కాయను కిందికి లాగరు. అరచేతిలోకి తీసుకుని పైకి తిప్పుతారు, తొడిమతో సహా ఊడొస్తుంది. తొడిమ ఊడితే కాయ నిలవుండదు. సంచి నిండాక పెద్ద పెట్టె మీదికి వంగి సంచి అడుగు విప్పుతారు. కాయలు దొర్లుకుంటూ పెట్టెలోకి జారతాయి, ఒక్కటి కూడా టప్‌మని పడదు. కోసేవాళ్ళలో చాలామంది తూర్పు యూరప్ దేశాల నుంచి సీజనుకు వచ్చిన కూలీలు. మేం మాట్లాడిన జంట రొమేనియా వాళ్ళు. అక్క అత్తగారి వైపు మిరప తోటలున్నాయి, కోతలకు కూలీలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అందుకే అక్క నాచేత జర్మన్‌లో అడిగించినవన్నీ ఆ ప్రశ్నలే: ఎక్కడ ఉంటారు, వంట ఎవరు చేస్తారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వచ్చారు.

చెట్ల పైన పొడవాటి గొట్టాలు, వాటి చివర స్ప్రింక్లర్లు. అవి ఎండకాలం తడికే కాదు. ఏప్రిల్‌లో పూత మీద ఉన్నప్పుడు రాత్రి చలి సున్నా కిందికి పోతే, తెల్లవార్లూ చెట్ల మీద నీళ్ళు చల్లుతారు. పువ్వు చుట్టూ నీళ్ళు గడ్డకడతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది కాబట్టి, నీళ్ళు ఆపకుండా చల్లినంతసేపూ లోపలి పువ్వు సున్నా డిగ్రీల దగ్గరే ఉండి బతుకుతుంది. నేను ఒక ఏప్రిల్‌లో ఇటు వచ్చినప్పుడు చూశాను. పొద్దున్నే ఎండలో తోట మొత్తం గాజుతో చేసినట్టు ఉంది, లోపల గులాబీ రంగు మొగ్గలు.

ఆల్ప్స్ అంటే వానలే అనుకుంటాం గానీ విన్ష్‌గౌ అనే ఈ పై లోయలో వానలు చాలా తక్కువ. ఏడాదికి 500 మిల్లీమీటర్లు అటూ ఇటూ, మన అనంతపురం లెక్కే. అందుకే వందల ఏళ్ళ క్రితమే కొండవాగుల నుంచి సన్నటి కాలువలు తవ్వుకున్నారు. వాటిని వాల్ అంటారు. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళో చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. మన ఊళ్ళలో నీరటి చేసే పనే. ఇప్పుడు చాలా కాలువల గట్లు నడక దారులయ్యాయి.

మధ్యాహ్నం కాస్టెల్‌బెల్ కోట కింద నది ఒడ్డున కూర్చుని తిన్నాం. ఇక్కడి రై పిండి రొట్టె రెండు గుండ్రాలు అతుక్కుని జంటగా ఉంటుంది. తుంచగానే అక్క ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో మెంతులు వేశారేంట్రా!" అంది. నిజమే. నీలి మెంతి అని ఇక్కడ పండే ఆకును ఎండబెట్టి పొడి చేసి పిండిలో కలుపుతారు. మన మెంతికి దగ్గరి చుట్టం. గుంటూరు నుంచి తెచ్చిన పండుమిరప పచ్చడి సీసా అక్క బ్యాగులోంచి బయటికి వచ్చింది. మిగతా భోజనం సంగతి రాయక్కర్లేదు.

సాయంత్రానికి ట్యోల్. ఇక్కడ లోయకు మెట్టు లాంటి దిగుడు ఉంది. కింద మెరానో 325 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు రెండు వందల మీటర్లు ఒకేసారి దిగాలి. మెయిన్ రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. సైకిళ్ళకు మాత్రం పక్క కొండ మీద విడిగా మలుపుల దారి వేశారు. ఇంత ఇరుకు చోట కూడా సైకిల్ వాళ్ళను రోడ్డు మీదికి తోసేయలేదు. చాలా ఊళ్ళలో సైకిల్ దారి ఇలాంటి కష్టమైన చోటే మాయమైపోతుంది, సులువైన చోట మాత్రం రంగులేసి ఉంటుంది. ఇక్కడివాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది ఈ మలుపుల్లోనే.

దారి పొడుగునా మా పక్కనే ఒక చిన్న రైలు అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది. మాల్స్ నుంచి మెరానో వరకు 60 కిలోమీటర్ల లైను, 1906లో మొదలైంది. నష్టాలొస్తున్నాయని 1990లో మూసేశారు. సౌత్ టైరోల్ ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుని, కొత్త బళ్ళతో 2005లో మళ్ళీ నడిపింది. ఇప్పుడు సైకిల్ మీద దిగినవాళ్ళు రైలెక్కి పైకి పోతారు. అలసిపోతే మధ్యలో ఏ స్టేషన్‌లోనైనా ఎక్కేయొచ్చన్న ధైర్యం ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా బయల్దేరతారు.

నాలుగో రోజు: మెరానో నుంచి బొల్జానో

దాదాపు 30 కిలోమీటర్లు, చదును దారి, నది కట్ట మీద. మెరానోలో తాటి జాతి చెట్లు, పాత స్నానశాలలు, నది ఒడ్డు షికారు బాగుంటాయి. పొద్దున్నే చూసి బయల్దేరాం. త్వరగా వెళ్ళమనడానికి కారణముంది: మధ్యాహ్నం దాటితే దక్షిణం నుంచి ఎదురుగాలి లేస్తుంది. మామూలు సైకిల్ మీద ఆ గాలిలో తొక్కడం కష్టం.

బొల్జానోలో అడుగు పెట్టగానే తేడా తెలుస్తుంది. ఇక్కడ సైకిల్ సరదాకు కాదు. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు, ముందు బుట్టలో పాపను కూర్చోబెట్టుకున్న తల్లులు, బ్యాగులు వేసుకున్న బడిపిల్లలు. లక్ష జనాభా ఉన్న ఊర్లో దాదాపు 50 కిలోమీటర్ల సైకిల్ దారులున్నాయి. అన్నీ ఒకదానికొకటి కలుస్తాయి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. నేను వెళ్ళి తొక్కాను, మంచి పని, నీడలో తొక్కడం హాయిగా ఉంది. కానీ అక్కడికి చేరాలంటే చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని రావాలి. ఆ ట్రాక్ నుంచి కాలనీలకు, స్టేషన్లకు, బడులకు కొమ్మలు వేస్తే దాని విలువ పదింతలవుతుందని నా నమ్మకం. బొల్జానో వీధుల్లో తిరుగుతున్నంతసేపూ ఆ ఆలోచనే.

సాయంత్రం మ్యూజియంలో ఓట్జి అనే మంచు మనిషిని చూశాం. 1991లో మంచు కరిగి బయటపడ్డ, సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషి.

ఐదో రోజు: పాత రైలు పట్టాల మీద

ఈ రోజు దారి మార్చి పక్క లోయలోకి వెళ్ళాం. బొల్జానోలో సైకిళ్ళతో రైలెక్కి, ఐజాక్ నది లోయలో వాయిడ్‌బ్రుక్ స్టేషన్‌లో దిగాం. సైకిల్‌కు విడిగా టికెట్టు తీసుకోవాలి. అక్కడి నుంచి బొల్జానోకు పాతిక కిలోమీటర్ల లోపే, అంతా దిగుడే.

మొత్తం యాత్రలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయేది ఇదే. లోయ కాదు, సందు. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు. ఆ సందులో నది, దాని పక్కన పాత జాతీయ రహదారి, తల మీద పొడవాటి స్తంభాల మీద బ్రెన్నర్ మోటార్‌వే. ఏడాదికి 20 లక్షలకు పైగా లారీలు బ్రెన్నర్ కనుమ దాటుతాయి. యూరప్ ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య సరుకంతా ఈ సందులోంచే. సైకిల్‌కు ఇక్కడ చోటెక్కడిది? 1867లో వేసిన బ్రెన్నర్ రైల్వే లైను నది ఒడ్డునే ఉండేది. 1990ల్లో ఈ భాగంలో రైలును కొండ లోపలి పెద్ద సొరంగాల్లోకి మార్చారు. ఖాళీ అయిన పాత పట్టాల జాగాను అమ్ముకోకుండా, పాడుపెట్టకుండా, తారు వేసి సైకిళ్ళకు ఇచ్చారు.

రైలు కోసం వేసిన దారి కాబట్టి ఎక్కడా గట్టి ఎత్తు లేదు, గట్టి మలుపు లేదు. పాత రాతి వంతెనలు దాటుతాం. పాత సొరంగాల్లోకి దూరుతాం. లోపల లైట్లున్నాయి, గోడలు తడిగా ఉన్నాయి, ఒక్కసారిగా చలి. పైకప్పు రాళ్ళ మీద ఆవిరి ఇంజన్ల కాలం నాటి మసి మరకలు ఇంకా ఉన్నట్టే కనిపించాయి. అక్క ఒక సొరంగంలో ఆగి గంట కొట్టింది, ఆ చప్పుడు చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది. బయటికి రాగానే ఎండ, నది హోరు, పైనుంచి మోటార్‌వే మోత.

బ్లూమావ్ దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాం. అక్క తల పైకెత్తి స్తంభాల మీద వరసగా పోతున్న లారీలను చూస్తోంది. "ఇన్ని లారీలు నెత్తి మీద పోతున్నాయి, నా పక్కన ఒక్కటీ లేదు" అంది. కాసేపాగి, తను సైకిల్ ఎందుకు మానేసిందో చెప్పింది. పెళ్ళయిన కొత్తలో అరండల్‌పేట నుంచి లక్ష్మీపురం వెళ్తుంటే ఒక లారీ చున్నీకి తగిలేంత దగ్గరగా పోయిందట. దెబ్బ తగల్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, సైకిల్ తాళం బీరువాలో పెట్టేసింది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. సంసారంలో పడి తీరిక లేక మానేసిందనే అనుకున్నాను.

మిగతా దారి అక్కే ముందు తొక్కింది.

ఆరో రోజు: సలూర్న్ దాటి ట్రెంటోకు

బొల్జానో నుంచి ట్రెంటో దాదాపు 65 కిలోమీటర్లు. పొద్దున్నే ఎదురుగాలి లేవకముందే బయల్దేరాం. చదునైన కట్ట దారి, ఎడమవైపు అడిజే, కుడివైపు యాపిల్, ద్రాక్ష. ఈ లోయ అడుగు ఒకప్పుడు బురద నేలలు, మలేరియా. 19వ శతాబ్దంలో నదిని తిన్నగా చేసి, రెండు వైపులా కట్టలు పోసి, రైల్వే వేశాక ఇది సాగుభూమి అయింది. వరద కోసం పోసిన ఆ కట్టే ఇప్పుడు సైకిల్ దారికి పునాది. పైన పొలం దారి, పక్క లోయలో రైలు జాగా, ఇక్కడ నది కట్ట. ఇరుకు లోయలో కొత్తగా భూమి ఎవరూ సృష్టించలేదు, ఉన్నదాన్నే జాగ్రత్తగా కూర్చారు. మన డెల్టాలో కాలువ గట్లు ఎన్ని వందల కిలోమీటర్లు ఉన్నాయో తలుచుకుంటే ఆశగా ఉంటుంది. అక్క కూడా అదే అంది: "కొమ్మమూరు కాలువ గట్టు మీద ఇలా వేస్తే బాపట్ల దాకా తొక్కుకుంటూ పోవచ్చు."

సలూర్న్ దగ్గర కొండలు రెండూ దగ్గరికొస్తాయి. రాతి శిఖరం మీద హాడెర్‌బుర్గ్ కోట. అది దాటితే భాష మారిపోతుంది. పొద్దున్న జర్మన్‌లో పలకరించిన లోయ మధ్యాహ్నం ఇటాలియన్‌లో పలకరిస్తుంది. ఇవతలి వైపు ట్రెంటినో ప్రాంతంలో దారి పక్కనే బిసిగ్రిల్ అనే సైకిల్ హోటళ్ళున్నాయి. హైవే పక్కన కార్లవాళ్ళకు హోటళ్ళున్నట్టు, ఇవి సైకిల్ వాళ్ళకు. కాఫీ, తిండి, నీళ్ళు, టైర్లలో గాలి కొట్టుకునే పంపు, పనిముట్లు. ఒకదాంట్లో కూర్చుని తిన్నాం. పక్క బల్ల దగ్గర పెద్దాయన ఒకరు మనవడి సైకిల్ చైను ఎక్కిస్తున్నారు.

అక్క బ్యాటరీ ట్రెంటోకు ముందే అయిపోవచ్చింది. చివరి కిలోమీటర్లు మోటారు ఆపేసి కాళ్ళతోనే తొక్కింది. 16వ శతాబ్దంలో క్యాథలిక్ చర్చి మహాసభ జరిగిన ఊరు ఇది. చర్చి ముందున్న కూడలిలో కూర్చుని ఐస్‌క్రీం తిని, ప్రాంతీయ రైల్లో సైకిళ్ళతో బొల్జానో వచ్చి వాటిని అప్పగించాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు బాగుంటుంది. పూత కావాలంటే ఏప్రిల్, కోత కావాలంటే సెప్టెంబరు. రెషెన్ పైన ఏప్రిల్‌లో ఇంకా చలే. పైనుంచి కిందికి తొక్కండి, గాలి గురించి పొద్దున్నే బయల్దేరండి. చిన్నపిల్లలుంటే ముందు మెరానో-బొల్జానో ముక్కతో మొదలుపెట్టండి. ట్రాక్టర్‌కు దారివ్వండి, అది వాళ్ళ పొలం.

అక్క టికెట్టు మళ్ళీ వేసవికి చూస్తున్నాం. ఈసారి తూర్పున టోబ్లాక్ నుంచి ఆస్ట్రియాలోని లియెన్స్ వరకు, ద్రావా నది వెంట, సుమారు 45 కిలోమీటర్ల దిగుడు దారి, తిరిగి రావడానికి రైలుంది. బావగారు కూడా వస్తానన్నారు. ఆయనకు నేర్పే బాధ్యత అక్క తీసుకుంది.